పిల్లల చేతిలో ఫోను: సొంతమా, కస్టడీయా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షను అనేది దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఏటా ఈ సభలో డి.ఎ. గురించీ, బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "అయ్యా, బకాయిల మాట ఎప్పుడూ ఉండేదే. పిల్లలకు సెల్‌ఫోను ఉండవచ్చునా, బడికి తీసుకుపోవచ్చునా, ఆ సంగతి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను, డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి ఫైళ్ళు మోసి 2009లో రిటైరైనవాణ్ణి. కాబట్టి గుమాస్తాకు తెలిసిన పద్ధతిలోనే చెబుతాను. తప్పులుంటే మన్నించండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు మొత్తానికి ఒకే ఒక నల్ల టెలిఫోను. దాని డయలుకు చిన్న తాళం వేసి ఉండేది. తాళంచెవి హెడ్డు గుమాస్తాగారి సొరుగులో. పక్కనే ట్రంక్ కాల్ రిజిస్టరు. తేదీ, ఏ ఊరికి, ఎవరికి, ఎందుకు, ఎన్ని నిమిషాలు, అన్నీ అందులో రాయాలి. సొంత పనికి మాట్లాడితే ఆ డబ్బు కట్టాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు రకాల కాల్స్ ఉండేవి. లైట్నింగ్ కాల్ అంటే ఛార్జీ విని గుండె జారేది. ఇక్కడ కూర్చున్నవారిలో సగం మందికి ఈ జ్ఞాపకం ఉండే ఉంటుంది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. అప్పట్లో మాట్లాడినవారికే కాదు, ఎత్తినవారికి కూడా ఛార్జీ పడేది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక అది సామాన్యుడి చేతికి వచ్చింది. ఇప్పుడు పాలబుగ్గల పిల్లవాడి చేతిలో ఉన్నది ఆనాటి నల్ల ఫోనుకు మనవడు. కాకపోతే దీనికి తాళం లేదు, రిజిస్టరు లేదు, హెడ్డు గుమాస్తా లేడు.

ఇక నా ఇంటి సంగతి చెబుతాను. ఇతరుల ఇళ్ళ మీద ఉపన్యాసం ఇవ్వటం సులభం గనుక ముందు నా తప్పులే చెప్పటం న్యాయం.

మా అబ్బాయి కుటుంబం నాతో నంద్యాలలోనే ఉంటుంది. మనవడు ఇప్పుడు పదో తరగతి. 2020లో కరోనా వచ్చి బళ్ళు మూసినప్పుడు వాడు చిన్నవాడు. పాఠాలన్నీ ఫోనులో అన్నారు. నా పెన్షనులోంచి 8,500 రూపాయలు పెట్టి ఫోను కొనిచ్చాను. అప్పుడు అది తప్పు కాదు, ఇప్పటికీ కాదంటాను. ఆ ఏడాది ఫోను లేని పిల్లలు చదువుకు ఎంత దూరమయ్యారో మనం చూశాం. కానీ బళ్ళు తెరిచారు, ఫోను మాత్రం వెనక్కి రాలేదు. వాడి చేతిలోనే ఉండిపోయింది. తిరిగి ఇమ్మని అడిగినవారు లేరు. ఆఫీసులో తాత్కాలికంగా ఇచ్చిన కుర్చీ ఏళ్ళ తరబడి ఒకరి సొంతమైపోయినట్టు అయింది.

పోయిన సంవత్సరం బ్యాంకుకు వెళ్ళి పాస్‌బుక్కు ప్రింటు వేయించుకున్నాను. అలవాటు కొద్దీ పద్దులు కూడాను. 49, 99, 199, 299, ఇట్లా చిన్న చిన్న మొత్తాలు. రెండు నెలల్లో అన్నీ కలిపి 6,300 చిల్లర. మొదట ఎవడో మోసగాడు నా ఖాతాలో పడ్డాడనుకున్నాను. ఫిర్యాదు రాద్దామని కాగితం కూడా తీశాను. ఇంటికొచ్చి మాటల్లో అంటే మనవడి ముఖం తెల్లబోయింది. ఏదో తుపాకుల ఆట. అందులో బొమ్మ మనిషికి బట్టలు, తుపాకికి రంగులు కొన్నాడు. నా పిన్ నంబరు వాడికెలా తెలిసిందంటారా? నేనే చెప్పాను. "నాయనా, పెన్షను పడిందేమో చూడరా" అని ప్రతి నెలా ఒకటో తారీఖున వాడినే పిలిచేవాణ్ణి. బీరువా తాళంచెవి చేతికిచ్చి, బీరువా ఎందుకు తెరిచావని అడిగినట్టుంది నా సంగతి.

మీలో కొందరికి సందేహం రావచ్చు, ఇట్లాంటి ఆటలను ప్రభుత్వం నిషేధించింది కదా అని. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. కానీ మావాడు ఆడింది పందెం ఆట కాదు. ఆటలో బొమ్మ వస్తువులు కొనుక్కున్నాడు, అంతే. చట్టం పెద్ద దొంగను పట్టుకుంటుంది. ఇంట్లో చిల్లర కారిపోతుంటే చూసుకోవలసింది ఇంటివాళ్ళే.

వాడిని కేకలేశాను. ఫోను లాక్కున్నాను. వాడు ఒక్క మాటన్నాడు: "తాతా, నువ్వు రాత్రి పదకొండుదాకా చూస్తావు గదా, నిన్ను ఎవురూ అడగరే?" నా దగ్గర జవాబు లేదు.

ఇక రెండో సంగతి. మా అమ్మాయిని ఆళ్ళగడ్డ దగ్గర, రుద్రవరం వైపు ఒక పల్లెకు ఇచ్చాము. మనవరాలు రోజూ బస్సులో ఆళ్ళగడ్డకు వచ్చి తొమ్మిదో తరగతి చదువుతుంది. రెండేళ్ళ క్రితం అల్లుడుగారు "మామా, పాపకు కూడా ఒక ఫోను తీసిస్తే ఎట్లుంటుంది?" అని అడిగారు. "ఆడపిల్లకెందుకప్పా ఫోను, లేనిపోని తలనొప్పి" అన్నాను. మనవడికి 8,500 పెట్టి కొన్న నోటితోనే ఆ మాటన్నాను. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు.

ఈ మధ్య వానాకాలంలో ఒక సాయంత్రం జోరుగా వాన పడి వాగు పొంగింది. బస్సు ఇవతలి ఒడ్డునే ఆగిపోయింది. జనం దిగి ఎవరి దారి వారు చూసుకున్నారు. పిల్ల ఒక టీ బంకు వసారాలో నిలబడింది. బంకు ఆవిడ మంచి మనిషి. తన ఫోను చేతికిచ్చి, "మీ నాయన నంబరు చెప్పు పాపా" అంది. పిల్లకు ఒక్క నంబరూ నోటికి రాదు. నాయనది రాదు, అమ్మది రాదు, నాది రాదు. ఇంట్లో ఫోను తీస్తే పేరు కనిపిస్తుంది, నొక్కుతారు. అంకెలతో పనేముంది? రాత్రి 8 గంటలు దాటాక అల్లుడుగారు మోటారు సైకిలు మీద చుట్టుదారిన వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ పిల్ల ఏడుస్తూ అక్కడే కూర్చుంది. ఇంటికాడ వాళ్ళమ్మ పరిస్థితి, ఇక్కడ నంద్యాలలో మా పరిస్థితి నేను చెప్పనక్కరలేదు.

మిత్రులారా, ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఒకడికి ఫోను ఉండి నష్టం జరిగింది. ఇంకొకతెకు ఫోను లేక ప్రమాదం తప్పి బయటపడింది. అందుకే "పిల్లలకు ఫోను ఉండాలా, వద్దా" అని అడిగితే అవునని గానీ కాదని గానీ ఒక్కమాటలో చెప్పలేకపోతున్నాను.

ప్రభుత్వాలదీ ఇదే పరిస్థితి. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. 2023 ఆగస్టులో అదే విద్యాశాఖ, విద్యార్థులు బడికి సెల్‌ఫోన్లు తీసుకురాకూడదని, ఉపాధ్యాయులు కూడా తరగతికి పోయేముందు ఫోను ప్రధానోపాధ్యాయుని దగ్గర పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. దానికి ముందు నెలలోనే యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక వచ్చింది. ప్రతి నాలుగు దేశాల్లో ఒకటి బడుల్లో స్మార్ట్‌ఫోన్లను చట్టం ద్వారానో నిబంధన ద్వారానో నిషేధించిందని అందులో ఉంది. ఒకసారి ఫోను వల్ల ధ్యాస చెదిరితే పిల్లవాడు తిరిగి పాఠంలో కుదురుకోవటానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చునని కూడా ఉంది. పీరియడు ఉండేదే ముప్పావు గంట. అందులో 20 నిమిషాలు పోతే మిగిలేదేమిటో లెక్క వేసుకోండి. ఫ్రాన్సు దేశం 2018లోనే చిన్న తరగతుల బడుల్లో ఫోన్లు వాడకుండా చట్టం చేసింది. ఆస్ట్రేలియాలో 16 ఏళ్ళలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదన్న చట్టం 2025 డిసెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది.

రెండో పక్క కూడా చెప్పాలి. 2025లో మన రాష్ట్ర ఇంటర్, పదో తరగతి పిల్లల హాల్‌టికెట్లు వాట్సాప్‌లో వచ్చాయి. మన నంద్యాల బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరు మోసిన ఊరు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలను రోజూ చూస్తుంటాం. దరఖాస్తు మొదలు ఫలితం దాకా అంతా ఆన్‌లైనే. ఫోను ముట్టకుండా పెరిగిన పిల్లవాడు రేపు ఆ వరుసలో ఎట్లా నిలబడతాడు? 2025లోనే ఢిల్లీ హైకోర్టు ఒక విద్యార్థి కేసులో, ఫోన్లను మొత్తంగా నిషేధించటం మంచిదీ కాదు, సాధ్యమూ కాదు, వీలున్నచోట బడిలో అడుగుపెట్టగానే తీసి భద్రపరిచి సాయంత్రం తిరిగి ఇవ్వవచ్చునని మార్గం చూపింది. అంతకుముందు 2019లో కేరళ హైకోర్టు, హాస్టలులో ఫోను మీద పెట్టిన ఆంక్షలను ఒక కాలేజీ అమ్మాయి ప్రశ్నిస్తే, ఇంటర్నెట్టు అందుబాటు చదువుకునే హక్కులో భాగమే అన్నది.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకొక లెక్క. ప్రథమ్ సంస్థవారు పల్లెల్లో జరిపే అసర్ సర్వే 2024 ప్రకారం, 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వారిలో, సర్వేకు ముందు వారంలో దాన్ని చదువుకు వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. వాడటం వచ్చిన మగపిల్లల్లో 36 శాతానికి సొంత ఫోను ఉంటే ఆడపిల్లల్లో 27 శాతానికే ఉంది. ఆ తేడా చదివినప్పుడు, నేను అల్లుడుగారితో అన్న మాట నాకే గుర్తొచ్చి తల దించుకున్నాను. దేశమంతటా నాలాంటి తాతలున్నారన్నమాట.

మరి ఏం చెయ్యాలి? ఇక్కడే నా గుమాస్తా బుద్ధి పనికొచ్చింది. ఆఫీసులో మనం ఎన్నో వస్తువులు వాడాం. టైపు మిషను, బీరువా, జీపు. ఏదీ మన సొంతం కాదు, మన కస్టడీలో ఉండేది. సొంత వస్తువును ఏమైనా చేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. కస్టడీలో ఉన్నదానికి జవాబు చెప్పాలి, అడిగితే అప్పగించాలి, స్టాకు రిజిస్టరులో ఉండాలి. అంతమాత్రాన మనల్ని ఎవరూ దొంగలుగా చూడలేదు. నమ్మారు కాబట్టే ఇచ్చారు.

పిల్లల ఫోను సంగతి కూడా అంతే అని నా అభిప్రాయం. బడి వయసు పిల్లలకు ఫోను కస్టడీలో ఉండవచ్చు. సొంతం కాకూడదు. ఫోను ఇంటిది. అవసరానికి పిల్లలకు ఇస్తాం, అవసరం తీరాక అది ఇంటికి తిరిగి రావాలి.

ఆళ్ళగడ్డలో రాతి శిల్పాల పని జరిగే చోట నిలబడి చాలాసార్లు చూశాను. అక్కడి పిల్లలకు ఉలి ముట్టరాదని ఎవరూ చెప్పరు. అట్లాగని ఉలి చేతికిచ్చి ఇంట్లోకి వెళ్ళిపోయే తండ్రీ లేడు. పక్కన కూర్చోబెట్టుకుంటాడు. మొదట పనికిరాని రాయి ఇస్తాడు. వేలు తెగకుండా ఎట్లా పట్టాలో చూపిస్తాడు. మనం ఉలి కంటే పదునైనది పిల్లలకిచ్చి లోపలికి వెళ్ళి టీవీ ముందు కూర్చుంటున్నాం.

ఇప్పుడు మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి మనవి చేస్తాను. నచ్చితే మీరూ చూడండి.

మొదటిది, బడికి స్మార్ట్‌ఫోను లేదు. ఈ విషయంలో ఉత్తర్వు సరైనదే. పాఠం చెప్పేటప్పుడు పంతులుగారికి పోటీ ఉండకూడదు.

రెండోది, దూరం నుంచి బస్సుల్లో వచ్చే పిల్లల క్షేమం. ప్రతి పిల్లా మూడు ఫోను నంబర్లు ఎక్కంలాగా నోటికి నేర్చుకోవాలి. అమ్మది, నాన్నది, ఇంకొక దగ్గరివారిది. నోటు పుస్తకం అట్ట లోపల కూడా రాసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇక పల్లెల నుంచి వచ్చేవారికి మాట్లాడటానికి మాత్రమే పనికొచ్చే బటన్ల ఫోనును అనుమతించి, ఉదయం ఆఫీసు గదిలో అప్పగించి సంతకం పెట్టి, సాయంత్రం తీసుకుపోయే ఏర్పాటు చేయమని బడివారిని అడగవచ్చు. దొంగచాటుగా సంచిలో పెట్టి పంపవద్దు, అడిగి పంపండి. 2024 డిసెంబరు నుంచి మన బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరుగుతున్నాయి. వాటికి వెళ్ళి భోజనం ఎట్లుందని మాత్రమే అడగక, ఈ మాట కూడా అడగండి.

మూడోది, ఇంట్లో రాత్రి 9 గంటలకు ఫోన్లన్నీ నడవలో ఒకే బల్ల మీద ఛార్జింగుకు చేరాలి. పడకగదిలోకి ఫోను పోకూడదు.

నాలుగోది, పిన్ నంబర్లు పిల్లలకు చెప్పకూడదు. మన డబ్బు పని మనమే నేర్చుకోవాలి. 70 ఏళ్ళు దాటి నేర్చుకున్నాను, నాకు పోయిందేమీ లేదు.

ఐదోది, మగపిల్లవాడికి ఏ నియమమో ఆడపిల్లకూ అదే. ఇద్దరికీ ఇవ్వండి, లేదా ఇద్దరికీ ఆపండి.

ఆరోది అన్నిటికంటే కష్టం. మూడో నియమంలో "ఫోన్లన్నీ" అన్నాను, పిల్లల ఫోన్లు అనలేదు. నాదీ ఆ బల్ల మీదికి చేరాలి. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? తెల్లవారి లేవగానే మన సంఘం గ్రూపులో గుడ్ మార్నింగు పూలబొమ్మలు ఎన్ని వస్తాయో మీకు తెలుసు. రాత్రి 12 గంటలకు డి.ఎ. పెరిగిందన్న అబద్ధపు కబురు పంపేది ఏ పదో తరగతి పిల్లవాడూ కాదు, మనమే.

దీనివల్ల అంతా బాగుపడిందని చెప్పను. మనవడు ఇంకా నాతో ముభావంగానే ఉన్నాడు. "నా ఫోన్ నాకియ్యి తాతా" అని ఇప్పటికీ అంటాడు. "నీది కాదు నాయనా, ఇంటిది" అంటాను. బట్టలు కొన్న 6,300 మాత్రం వాడి పండుగ డబ్బుల్లోంచి నెలకింత చొప్పున జమ చేస్తున్నాడు. దానికొక నోటుబుక్కు పెట్టాను, నేనూ వాడూ ఇద్దరం సంతకం చేస్తాం. మొన్న మాత్రం ఒకటి జరిగింది. మా వీధిలో ఎనభై దాటిన ఒక పెద్దావిడ, ఫ్యామిలీ పెన్షనరు, లైఫ్ సర్టిఫికెట్టుకు ఎట్లా పోవాలో తెలియక బాధపడుతుంటే, వాడే బల్ల మీది ఫోను అడిగి తీసుకుని, ఆమె ముఖం ఫోటో పట్టి, జీవన్ ప్రమాణ్ పని ఇంటి దగ్గరే పూర్తి చేసి వచ్చాడు. వచ్చి ఫోను తిరిగి బల్ల మీద పెట్టాడు. నేను చూడలేదనుకున్నాడు. చూశాను.

మనవరాలికి బటన్ల ఫోను కొన్నాం. బడివారి అనుమతి కోసం వాళ్ళ నాయన అర్జీ ఇచ్చారు. అది తేలేలోగా పిల్లకు నంబర్లు మాత్రం నోటికి వచ్చేశాయి. ఆదివారం వచ్చినప్పుడు నేను అడుగుతాను, తడుముకోకుండా మూడూ చెబుతుంది. మొదట చెప్పేది నాదే.

పిల్లలను ఫోను నుంచి దూరం చేయటం మన చేతిలో లేదు. ఫోను పట్టుకున్న పిల్లవాడి పక్కన కూర్చోవటం మాత్రం మన చేతిలో ఉంది. కన్నవాళ్ళకు ఉద్యోగాల మధ్య తీరిక ఉండదు. తీరిక ఉన్నది మనకు. ఆఫీసులో ఎన్ని తాళాలు కాపాడామో మనకు తెలుసు. ఈ ఒక్కటి కూడా కాపాడదాం.